పథకం పేరుతో ఫోన్ వస్తే... మీ ఆధార్, వేలిముద్ర, ఓటీపీ కాపాడుకోండిలా



పింఛను, తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్, దీపం-2... ఏ పథకం డబ్బులు పడే రోజు దగ్గరికొచ్చినా మోసగాళ్ల ఫోన్లు కూడా మొదలవుతాయి. డబ్బు పోవడం ఒక నష్టం. మన పేరు, మన ఆధార్, మన వేలిముద్ర వేరేవాళ్ల చేతికి వెళ్లడం ఇంకో నష్టం. దాని దెబ్బ కొన్ని నెలల తర్వాత కూడా తగలొచ్చు. ఈ పీడీఎఫ్ రెండింటి గురించీ. ఒక్కసారి చివరిదాకా చదవండి, చదవలేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను

మా అమ్మ ఊళ్లోనే ఉంటుంది. కొద్దిగా పొలం ఉంది, రైతు పథకాల డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "అమ్మా, వ్యవసాయ శాఖ నుంచి మాట్లాడుతున్నాం. మీ ఈకేవైసీ ఆగిపోయింది. సాయంత్రంలోపు చేయకపోతే మీ 7 వేలు వెనక్కి పోతాయి" అన్నాడు. అమ్మ పేరు, ఊరి పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు వాడే చెప్పాడు. అన్నీ కరెక్టే. ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడే అయ్యుంటాడని అమ్మ నమ్మింది. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపింది. ఓటీపీ అడిగేసరికి మాత్రం ఎందుకో అనుమానమొచ్చి ఫోన్ పెట్టేసింది.

డబ్బు పోలేదు. కానీ రెండు రోజుల వరకు అమ్మ నాకు ఆ సంగతి చెప్పలేదు. "జనానికి జాగ్రత్తలు చెప్పేదే నీ ఉద్యోగం కదరా, నేనే ఇలా చేశానంటే తిడతావనుకున్నాను" అంది. ఆ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయో మాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఆ తర్వాత మేం చేసిన పనులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మన వివరాలు వాళ్లకు ఎలా తెలుస్తాయి?

చాలామంది మోసపోయేది ఇక్కడే. "నా పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, పథకం పేరు చెప్పాడు" అంటారు. వీటిలో ఏదీ రహస్యం కాదు.

• పీఎం కిసాన్ లబ్ధిదారుల జాబితా ఊరివారీగా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.
• ఊరి వాట్సాప్ గ్రూపుల్లో లిస్టులు, అప్లికేషన్లు, ఆధార్ ఫొటోలు తిరుగుతూ ఉంటాయి.
• జిరాక్స్ షాపు కంప్యూటర్లో మనం ఇచ్చిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి.
• ఇంతకుముందు ఫోన్ చేసిన మోసగాడికి మనమే చెప్పిన వివరాలు ఇంకొకడి చేతికి వెళతాయి.

కాబట్టి మీ వివరాలు చెప్పినంత మాత్రాన ఎవరూ అధికారి అయిపోరు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

అసలు పథకం డబ్బు ఎలా వస్తుంది?

ఇది తెలిస్తే సగం మోసాలు అక్కడే తేలిపోతాయి.

ఎన్టీఆర్ భరోసా పింఛను నెల మొదటి తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి చేతికి ఇస్తారు. ఒకటో తేదీ సెలవైతే ముందురోజు ఇస్తారు. అంటే పింఛను కోసం ఫోన్లో ఓటీపీ గానీ, ఖాతా నంబరు గానీ చెప్పాల్సిన పనే లేదు.

పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ, తల్లికి వందనం లాంటివి మీ ఆధార్‌కు అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో నేరుగా పడతాయి. ఏ ఖాతాకు పంపాలన్నది బ్యాంకు ముందే చేసిన ఆధార్ అనుసంధానాన్ని బట్టి నిర్ణయమవుతుంది. "డబ్బు వేయాలి, ఖాతా నంబరు, ఏటీఎం కార్డు నంబరు చెప్పండి" అని ఎవరైనా అడిగారంటే అది పథకం పని కాదు.

ఈకేవైసీ నిజంగా ఆగిపోతే ఏం చేయాలి? గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లండి. రైతులైతే రైతు సేవా కేంద్రంలో అడగండి. పథకం స్టేటస్ తెలుసుకోవాలంటే ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర ఉంది. దాని నంబరు 95523 00009. ఈ నంబరును మీరే ఫోన్లో సేవ్ చేసుకుని మీరే మెసేజ్ పెట్టండి. వేరే నంబరు నుంచి ఎవరైనా "మేమే మన మిత్ర" అని మెసేజ్ పెడితే నమ్మొద్దు.

ఏ వివరం పోతే ఏం జరుగుతుంది?

ఓటీపీ: ఖాతాలోంచి డబ్బు తీయడానికి, మీ వాట్సాప్‌ను తమ ఫోన్లో తెరవడానికి, మీ ఆధార్‌తో ఈకేవైసీ చేయడానికి వాడతారు.

యూపీఐ పిన్: పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. "పథకం డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టండి" అన్నాడంటే అది మోసమే.

ఆధార్ నంబరు, వేలిముద్ర కలిసి: ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఓటీపీ ఉండదు, పిన్ ఉండదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఒక్కోసారికి 10 వేల రూపాయల వరకు తీయొచ్చు. ఊళ్లో బ్యాంకు లేనివాళ్లకు ఇది గొప్ప సౌకర్యం. కానీ దస్తావేజుల మీది వేలిముద్రలను కాపీ చేసి నకిలీ ముద్రలు తయారుచేసిన కేసులు పలుచోట్ల బయటపడ్డాయి.

ఆధార్, పాన్, సెల్ఫీ: ఈ మూడూ దొరికితే మీ పేరు మీద యాప్‌లో అప్పు తీసుకునే ప్రయత్నం చేస్తారు. వీళ్లు అప్పు తీసుకుంటారు, వసూలుకు మనిషి మీ ఇంటికొస్తాడు.

ఆధార్ వివరాలతో సిమ్: మీ పేరు మీద సిమ్ తీసి ఇంకొకరిని మోసం చేస్తే, పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ కోసమే.

అయితే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదా?

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. "ఎవరికీ చెప్పొద్దు" అని ప్రచారం చేస్తాం. కానీ గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయికి కోడ్ చెబుతాం. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ అడిగితే చెబుతాం. దాంతో జనానికి అయోమయం. మోసగాడికి కావాల్సింది కూడా ఈ అయోమయమే.

కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి. ఈ మూడూ కలిస్తేనే కోడ్ చెప్పండి:

1. ఆ పని కోసం మీరే వెళ్లి ఉండాలి, లేదా మీరే బుక్ చేసి ఉండాలి.
2. అడిగే మనిషి మీ కళ్ల ముందు ఉండాలి. ఫోన్లో ఉంటే కాదు.
3. మెసేజ్‌లో రాసింది, జరుగుతున్న పని ఒకటే అయ్యుండాలి.

మూడోది చాలా ముఖ్యం. ఓటీపీ మెసేజ్‌లో అది దేనికో కూడా రాసి ఉంటుంది. అంకెలు మాత్రమే చూసి చదివేయకండి. ఇంగ్లిష్ రాకపోతే ఇంట్లో పిల్లల చేత మొత్తం చదివించుకోండి. "గ్యాస్ కోడ్" అని అడుగుతుంటే మెసేజ్ బ్యాంకు నుంచి వచ్చిందనుకోండి, అక్కడే ఆపేయండి. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం ఎదురుగా ఉన్న మనిషికి కూడా చెప్పకూడదు. అది బ్యాంకు మేనేజర్ అయినా సరే.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు

"పీఎం కిసాన్ కొత్త లిస్టు", "ట్రాఫిక్ చలానా", "పెళ్లి శుభలేఖ" లాంటి పేర్లతో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. అది ఫొటో కాదు, కాగితం కాదు. అదొక యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. మీరు సరే అన్నారంటే ఇక ఓటీపీ మిమ్మల్ని అడగాల్సిన అవసరమే వాడికి ఉండదు. మెసేజ్ నేరుగా వాడికి వెళుతుంది.

పైగా కొన్నిసార్లు ఆ ఫైలు మీకు తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది. ఎందుకంటే వాళ్ల వాట్సాప్ అప్పటికే మోసగాడి చేతిలో ఉంటుంది. బావ పంపాడు కదా, చెల్లెలు పంపింది కదా అని నొక్కకండి. ఒక్క ఫోన్ చేసి "ఇది నువ్వే పంపావా?" అని అడగండి. ప్రభుత్వ యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా చివర సాధారణంగా గవ్ డాట్ ఇన్ లేదా ఎన్ఐసీ డాట్ ఇన్ ఉంటుంది. ప్రభుత్వం పంపే ఎస్ఎంఎస్‌లో పంపినవారి పేరు చివర అడ్డగీత, ఆ తర్వాత ఇంగ్లిష్ జి అక్షరం ఉంటుంది. పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి "పథకం మంజూరైంది, ఈ లింకు నొక్కండి" అని వస్తే నొక్కకండి.

ఫోన్ వస్తే ఏం చేయాలి?

"సరేనండి, సచివాలయానికి వెళ్లి కనుక్కుంటాను" అనండి. పెట్టేయండి. అంతే. నిజమైన ఉద్యోగి అయితే దీనికి కోపం తెచ్చుకోడు. మోసగాడు అయితే "అంత టైమ్ లేదు, ఇప్పుడే చేయాలి" అంటాడు.

మన కుర్రాళ్లకు ఒక మాట. "వాడు మోసగాడని తెలిసిపోయింది, కాసేపు ఆడుకుందాం" అని కొందరు అరగంట మాట్లాడతారు, తిడతారు, వీడియో కాల్ ఎత్తుతారు. వద్దు. మీరు మాట్లాడేకొద్దీ ఈ నంబరు వాడుకలో ఉందని, ఏ ఊరు, ఏ వయసు, ఇంట్లో ఎవరున్నారు అని వాడికి తెలుస్తుంది. వీడియో కాల్‌లో మీ ముఖం రికార్డు చేసి తర్వాత బెదిరింపులకు వాడతారు. "నువ్వెవరో నాకు తెలుసు" అని వాడితో పందెం వేసినందువల్ల మనకు వచ్చేది ఏమీ లేదు. నంబరు రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీయండి, బ్లాక్ చేయండి. డబ్బు పోకపోయినా అలాంటి ఫోన్లు, మెసేజ్‌ల గురించి సంచార్ సాథీలోని చక్షు విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు.

పోలీసు డ్రెస్‌లో వీడియో కాల్ చేసి "మీ ఆధార్ మీద కేసు ఉంది, డిజిటల్ అరెస్ట్ చేశాం" అంటే భయపడొద్దు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. పోలీసులు వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, డబ్బు అడగరు.

ముందే చేసుకోవాల్సిన ఐదు పనులు

1. మాస్క్‌డ్ ఆధార్ వాడండి. ఇందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుమతి చేసుకోవచ్చు. హోటల్, లాడ్జి, ప్రైవేటు పనులకు ఎక్కడ కుదిరితే అక్కడ ఇదే ఇవ్వండి.

2. జిరాక్స్ మీద రాయండి. ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "ఫలానా పని కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. అంకెలు, ఫొటో కనిపించేలా ఉంటే చాలు. ప్రింట్ కోసం షాపు వాట్సాప్‌కు పంపితే, పని అయ్యాక మీ ఎదుటే డిలీట్ చేయించండి.

3. బయోమెట్రిక్ లాక్. ఆధార్ వెబ్‌సైట్‌లో మీ వేలిముద్ర, కంటిపాపను లాక్ చేయొచ్చు. లాక్ ఉంటే నకిలీ వేలిముద్రతో డబ్బు తీయలేరు. దీనికి ఆధార్‌కు మీ మొబైల్ నంబరు లింక్ అయ్యుండాలి. ఒక జాగ్రత్త: లాక్ చేస్తే పింఛను రోజున, రేషన్ షాపులో మీ సొంత వేలిముద్ర కూడా పనిచేయదు. అప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవాలి. ఇంట్లో ఫోన్ బాగా తెలిసినవాళ్లు ఉంటేనే ఇది పెట్టుకోండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు దీనికంటే, ఆధార్‌తో డబ్బు తీసే సౌకర్యాన్ని ఆపమని బ్యాంకులో రాసివ్వడం తేలిక. ఆ సౌకర్యం మీరు వాడుతున్నట్లయితే మాత్రం ఆపించొద్దు.

4. వేలు పెట్టేముందు అడగండి. ఎవరైనా మిషన్ తెచ్చి వేలు పెట్టమంటే "దేనికి?" అని అడగండి. డబ్బు తీసేచోట "వేలు పడలేదు, మళ్లీ పెట్టండి" అంటే, మొదటిసారి ఫెయిలైన స్లిప్ అడగండి. ఆ తర్వాతే రెండోసారి పెట్టండి. నెలకోసారైనా పాస్‌బుక్ ప్రింట్ వేయించండి.

5. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ నంబరు, ఓటీపీ ఇస్తే తెలుస్తుంది. ఈ ఓటీపీ మీరే, మీ చేత్తో, ఆ వెబ్‌సైట్‌లో కొట్టేది, ఎవరికీ చెప్పేది కాదు. మీది కాని నంబరు కనిపిస్తే "నాది కాదు" అని అక్కడే నొక్కండి.

"ఇచ్చేశాను సార్, ఇప్పుడెలా?"

ముందుగా, మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. టైమ్ ముఖ్యం.

డబ్బు పోతే: వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఇది సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్. మొదటి గంటలో చెబితే మోసగాడి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఎక్కువ. మీ బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, లావాదేవీ నంబరు, వాడి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి వివరాలు నింపాలి. చేతకాకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. బ్యాంకుకు కూడా ఫోన్ చేసి ఖాతా, కార్డు ఆపించండి.

ఏపీకే నొక్కేస్తే: ముందు ఫోన్లో నెట్ ఆపేయండి, ఫ్లైట్ మోడ్ పెట్టండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. తర్వాత తెలిసినవాళ్ల చేత ఆ యాప్ తీయించండి. మీ నంబరు నుంచి ఎవరికైనా ఆ ఫైలు వెళ్లి ఉంటే వాళ్లకు చెప్పండి.

ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు పంపేస్తే: మా అమ్మ విషయంలో మేం చేసింది ఇదే. బ్యాంకుకు వెళ్లి చెప్పాం, ఖాతాపై నిఘా పెట్టమన్నాం. బయోమెట్రిక్ లాక్ చేశాం. ఆధార్ వెబ్‌సైట్‌లో, ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూపించే హిస్టరీ తీశాం. ఆమె పేరు మీద సిమ్‌లు చూశాం. క్రెడిట్ రిపోర్ట్ తీశాం. ఇది ప్రతి క్రెడిట్ బ్యూరో సంవత్సరానికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. అందులో మనం తీసుకోని అప్పు ఉందేమో తెలుస్తుంది. ఆర్నెల్లకోసారి మళ్లీ చూస్తున్నాం. ఆధార్ గురించి అనుమానాలుంటే 1947కు ఫోన్ చేయొచ్చు.

ఇంకో మోసం ఉంది, జాగ్రత్త. డబ్బు పోయిన కొన్నాళ్లకు "సైబర్ పోలీసులం, మీ డబ్బు దొరికింది, ఫీజు కడితే వేస్తాం" అని ఫోన్ వస్తుంది. 1930 ఫిర్యాదుకు ఎలాంటి ఫీజూ లేదు. పోయినవాడినే మళ్లీ దోచుకోవడానికి చేసే ఫోన్ అది.

ఆలస్యం చేస్తే ఏం పోతుంది?

రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు మీరు ఫిర్యాదు చేస్తే మీకు నష్టం ఉండకూడదు. మీరే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదే. బ్యాంకుకు చెప్పిన తర్వాత కూడా డబ్బు పోతే ఆ నష్టం బ్యాంకు భరించాలి. అంటే తప్పు మీదే అయినా సరే, చెప్పిన నిమిషం నుంచి మీకు రక్షణ మొదలవుతుంది. దాచిపెట్టిన ప్రతి గంటా వాడికి లాభం.

ఇంకొకరి గుర్తింపును దొంగిలించి వాడుకోవడం ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద నేరం. ఇంకొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే 66డీ. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

మీ ఖాతా అద్దెకు ఇవ్వకండి

"మీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాం" అని కాలేజీ పిల్లలను, డ్వాక్రా అక్కచెల్లెళ్లను కూడా అడుగుతున్నారు. పాస్‌బుక్, ఏటీఎం, సిమ్ ఇస్తే చాలంటారు. ఆ డబ్బు ఎక్కడో ఇంకో అవ్వ ఖాతాలోంచి దోచుకున్నది. పోలీసులు ఆ ఖాతాను స్తంభింపజేస్తే మీ పథకం డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంటుంది. కేసు మీ పేరు మీదే ఉంటుంది.

చివరగా ఇంట్లోవాళ్లకు ఒక మనవి

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా "ఇలా ఫోన్ వచ్చింది, నేను చెప్పేశాను" అంటే, దయచేసి మొదటి మాట తిట్టు కాకుండా చూసుకోండి. మా అమ్మ రెండు రోజులు మౌనంగా ఉన్నది మోసగాడి భయంతో కాదు, నా భయంతో. ఓటీపీ కూడా చెప్పి ఉంటే ఆ రెండు రోజుల్లో ఖాతా ఖాళీ అయ్యేది. "పర్లేదమ్మా, ముందు 1930కు చేద్దాం" అనండి.

గోడ మీద రాసి పెట్టుకోండి:
• డబ్బు పోతే: 1930
• ఆధార్ అనుమానం: 1947
• పథకం వివరాలు: మీ సచివాలయం, లేదా మన మిత్ర 95523 00009

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో, సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ లేనివాళ్లకు పింఛను రోజున చదివి వినిపించండి.